టబ్బులో కూర్చుని తూగిన మూడు నెలలు

కంపెనీ దవాఖానలో డాక్టరు నా కాగితం మీద ఏదో రాసి, తల ఎత్తకుండానే పక్కకు తోశాడు. ఏం రాశాడో వరండాలో కాంపౌండరు చదివి చెప్పాడు.

"అన్‌ఫిట్ అని రాసిండు. మూడు నెలలాగి మళ్లొకసారి రావాలె. అప్పుడు గూడ గిట్లనే ఉన్నవనుకో, లిస్టుల పేరు కొట్టేస్తరు. ఇగ ఊరికి పోయి ఎడ్లు కాసుకొనుడే."

మాకు ఎడ్లు కూడా లేవు.

అప్పటికి నేను గోదావరిఖనికి వచ్చి రెండేళ్లు దాటింది. బొగ్గుబాయి పైన టోకెన్లు తీసే పనిలో ఉండేవాణ్ని. కింద బొగ్గు నింపేవాళ్లు తాము నింపిన ప్రతి టబ్బుకూ, అంటే పట్టాల మీద నడిచే ఇనుప తొట్టికీ, తమ నంబరున్న ఇనుప బిళ్ల తగిలిస్తారు. టబ్బు పైకి రాగానే ఆ బిళ్ల తీసి, ఎవరి నంబరుకు ఎన్ని టబ్బులో పలక మీద గీతలు పెట్టాలి. నేను బడికి పోయింది రెండేళ్లే. ఎక్కాలు మేకలు కాస్తూ వల్లె వేశాను. భాగహారం మా ఊరి పోస్టుమాన్ నేర్పాడు. శాతాలు ఎరువుల బస్తా మీద రాసింది చూసి నాకు నేనే అర్థం చేసుకున్నాను. కాబట్టి గీతల పని నాకు సుఖంగానే ఉండేది. కానీ అది రోజువారీ పని. పర్మినెంటు కావాలంటే దవాఖానలో పాస్ కావాలి.

ఆ రోజు దవాఖాన మిషను నన్ను నలభై మూడు కిలోలు అంది. ఊపిరి వదిలితే ఛాతీ ముప్పై అంగుళాలు, బలమంతా పెట్టి పీలిస్తే ముప్పైన్నర. డాక్టరు వేలు మీద వేలు పెట్టి నా ఛాతీని అక్కడక్కడా తట్టి చూశాడు. లోపల ఎవరూ లేరన్నట్టు ముఖం పెట్టాడు.

మరి ఎంత ఉండాలి? ఈ ప్రశ్న డాక్టరునో కాంపౌండరునో అడగవచ్చు. కానీ నాకు అడగడం అలవాటు లేదు, లెక్క కట్టడమే అలవాటు. వరండా గోడకు ఇంగ్లీషులో ఒక బోర్డు ఉండేది. అక్షరాలు రాకపోయినా అంకెలు అంకెలే కదా. ఎడమ పక్క ఎత్తులు, వాటికి ఎదురుగా బరువులు. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. దాని ఎదురుగా 48 అని ఉంది. ఆ పక్కన ఇంకో వరస అంకెలు కూడా ఉన్నాయి. వాటితో నాకు పని లేదనుకుని, నలభై ఎనిమిదిని మనసులో పెట్టుకుని ఇంటికి నడిచాను.

దారిలోనే లెక్క తేలిపోయింది. పెరగాల్సింది అయిదు కిలోలు. ఉన్నది తొంభై రోజులు. రోజుకు యాభై అయిదున్నర గ్రాములు. కిరాణా దుకాణంలో ఆగి ఒక కోడిగుడ్డు తూయించాను. సరిగ్గా యాభై అయిదు గ్రాములు. ఇంత సులువైన పనికి డాక్టరు అన్‌ఫిట్ అని రాయడం నాకు నచ్చలేదు.

ఇంటికి వెళ్లి మా ఇంటామెకు చెప్పాను. "రోజుకొక గుడ్డు తింట. రోజుకొక గుడ్డంత పెరుగుత. తొంభై రోజులకు అయిదు కిలోలు."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది.

"గుడ్డు తింటే గుడ్డంత పెరుగుతవా?"

"లెక్క ప్రకారం అంతే."

"నేను పుట్టిన సంది బువ్వ తింటున్న. గా లెక్కన నేను పెద్దగుట్టంత ఉండాలె గద. ఏడున్న మరి?"

"తిన్నది ఒంట్ల నిలవాలంటే కసరత్ చెయ్యాలట" అన్నాను. ఈ మాట టోకెన్ల దగ్గర ఎవరో అనగా విన్నదే.

"చెయ్యి మరి. ఊరికైతే నేను రాను. గీడ నల్లా ఉన్నది, దవాఖాన ఉన్నది. ఆడ ఏమున్నది? మీ వదినె ఉన్నది." అంటూ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆమె ఆ మాట నవ్వుతూ అనలేదు. మూడు నెలలు నేను చేసిన ప్రతి పనీ ఆ మాట వినబడుతుండగానే చేశాను.

మా గుడిసెల వెనక కుస్తీ, కసరత్తు నేర్పే ఒక తాలీం ఉండేది. తాలీం అంటే గోడలు, కప్పు ఉన్న గది కాదు. ఒక తుమ్మచెట్టు, దాని కింద తవ్వి మెత్తన చేసిన ఎర్రమట్టి, మూలన రెండు అగరుబత్తీలు. నడిపేవాడిని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. యాభై ఏళ్లుంటాయి. మెడ, తల ఒకే మందం. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం అయిదింటికి మట్టిని ముట్టి కళ్లకద్దుకుని మొదలుపెట్టేవాడు.

నేను వెళ్లి నిలబడగానే అడిగాడు. "ఏందిరా, తప్పిపోయినవా?"

"కసరత్ నేర్చుకుందామని వచ్చిన ఉస్తాద్."

"బరువెంత?"

"నలభై మూడు. లాగుతోని తూసిండ్రు. లాగు రెండు వందల గ్రాములు తీసేస్తే నలభై రెండు కిలోల ఎనిమిది వందలు."

మట్టిలో ఉన్న నలుగురు కుస్తీ ఆపి నన్ను చూశారు. ఉస్తాద్ చేయి ఎత్తాడు. "ఇగో, ఒక్క మాట ఇను. గీడ లెక్క చెప్పద్దు. లెక్క నాది. కొట్టేది నేను, లేచేది నువ్వు."

కొట్టడమంటే నన్ను కాదు. తుమ్మకొమ్మకు ఒక రైలు పట్టాముక్క వేలాడదీసి ఉండేది. దాన్ని బోల్టుతో కొట్టేవాడు. మా బాయిలో టబ్బులను ఉక్కుతాడుతో లాగే ఇంజన్‌కు గంటతో సైగ చేస్తారు. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే లాగు. మూడు కొడితే వదులు. బాయిలో బతుకంతా ఆ మూడు సైగల మీదే నడుస్తుంది. ఉస్తాద్ తాలీంలో కూడా అవే పెట్టాడు. రెండు కొడితే లేవాలి, ఊపిరి పీల్చాలి. మూడు కొడితే దిగాలి, ఊపిరి వదలాలి. ఒకటి కొడితే ఎక్కడున్నవాడు అక్కడే, ఊపిరి బిగబట్టి, మళ్లీ గంట పడేదాకా.

ఆయన మమ్మల్ని బాగా పక్కాగా తయారు చేశాడు. ఒకరోజు మేమందరం సగం లేచి ఉండగా ఒకటి కొట్టాడు. అప్పుడే దారిన పోతున్న ఎవరో పలకరించారు. ఉస్తాద్ వాళ్ల బావమరిది సంగతులు మొదలుపెట్టాడు. మేము అయిదుగురం మోకాళ్లు సగం వంచి, బుగ్గలు ఉబ్బించి, అట్లాగే నిలబడ్డాం. నేను డెబ్బై ఒకటి దాకా లెక్కపెట్టాను. నా పక్కవాడు మట్టిలో బోర్లా పడ్డాడు. ఉస్తాద్ వెనక్కి తిరిగి, "గంట కొట్టకముందే ఎందుకు దిగినవ్‌రా?" అని వాణ్నే తిట్టాడు.

మొదటిరోజు నన్ను నేలమీద చేతులు ఆనించి, వాలి లేస్తూ దండ తీయమన్నాడు. కిందికి బాగానే వెళ్లాను. రెండు కొట్టాడు. లేవలేదు. మళ్లీ రెండు కొట్టాడు. "తాడు తెగినట్టున్నది" అన్నాడు ఒకడు. చివరకు ఉస్తాద్ నన్ను లేపి, మూలన తుప్పుపట్టి బోర్లించి ఉన్న పాత టబ్బు దగ్గరికి తీసుకెళ్లాడు. దాని అంచు పట్టుకుని వాలి, దండలు తీయమన్నాడు. అయిదు తీయగలిగాను. గుంజీల్లాంటి బైఠక్‌లు పది. ఇంతే మొదటిరోజు.

"రోజిడిచి రోజు రా" అన్నాడు.

ఇది నాకు మింగుడుపడలేదు. రోజూ చేస్తే తొంభై రోజులు, రోజు విడిచి రోజైతే నలభై అయిదే. సగం కాలం ఊరకే పోతుంది. కాబట్టి ఉస్తాద్‌కు చెప్పకుండా ఖాళీ రోజుల్లో ఇంట్లో చేశాను. నాలుగో రోజు పొద్దున పీట మీద అన్నానికి కూర్చున్నాను. తిన్నాక లేవబోతే తొడలు రాలేదు. చేతులతో నెట్టుకుందామంటే చేతులూ రాలేదు. షిఫ్టు సైరన్ మోగింది. మా ఇంటామె వచ్చి చూసింది.

"ఏంది, లేవవా?"

"లేస్త."

"ఎప్పుడు?"

ఆమె ఒక నిమిషం ఆలోచించి, గరిటె తీసుకుని కంచం మీద రెండుసార్లు కొట్టింది. తాలీం మోత మా గుడిసెదాకా వినిపించేది కనుక ఆమెకూ సైగలు తెలుసు. నమ్మండి నమ్మకపోండి, లేచాను. ఆ రోజు ఎనిమిది గంటలూ వంగలేక, టబ్బులకున్న బిళ్లలను కాలితో పైకి తన్ని చేత్తో పట్టుకున్నాను. ఉస్తాద్‌కు ఎవరు చెప్పారో తెలియదు. "కాంక్రీటు పోసినంక తెల్లారేదాక ఆగుతరా లేదా? ఆగకుండ తొక్కితే ఏమైతది?" అన్నాడు. అప్పటినుంచి రోజు విడిచి రోజే వెళ్లాను.

కసరత్తు సంగతి ఉస్తాద్ చూసుకుంటున్నాడు. బరువు సంగతి నేను చూసుకోవాలి. దవాఖాన మిషను ఊరికే ఎక్కనివ్వరు. కిరాణా తక్కెడలో నేను పట్టను. మాకు తెలిసిన పెద్ద కాటా ఒకటే, బాయి పైన బొగ్గు టబ్బులు తూచేది. దాని దగ్గర కూర్చునే పెద్దాయనను అందరం కాక అని పిలిచేవాళ్లం. ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. నిజాం కాలంనుంచి గనుల్లోనే ఉన్నాడు. అంకెలంటే ఆయనకూ నాలాగే గౌరవం. ఆదివారం ప్లేడే కనుక బాయి నడవదు. తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని, చర్చికి వెళ్తూ పది నిమిషాలు ఆగి నన్ను తూచడానికి ఒప్పుకున్నాడు.

పద్ధతి ఇదీ. కాటా మీదికి ఒక ఖాళీ టబ్బును నెట్టాలి. అందులో నేను కూర్చోవాలి. కాక పెద్దగుండు, చిన్నగుండు జరిపి అర కిలో దాకా చెబుతాడు. ప్రతి టబ్బు మీదా దాని బరువు తెల్లరంగుతో రాసి ఉంటుంది. అది తీసేస్తే మిగిలింది నేను. మా అందరికీ టబ్బు మీద రాసిన అంకె అంటే రాజముద్రతో సమానం. దానిమీద అనుమానం ఎవరికీ రాలేదు.

మొదటి ఆదివారం నలభై మూడున్నర వచ్చింది. దవాఖాన లెక్కతో సరిపోయింది. కాటా నమ్మదగిందని తేలిపోయింది.

రెండో ఆదివారం నలభై తొమ్మిది.

నేను టబ్బులోనే లేచి నిలబడ్డాను. "కాక, మళ్లొకసారి చూడు."

"చూసుడేంది బిడ్డా, కాటా అబద్ధం చెప్తదా? నలభై తొమ్మిది. ఏం తింటున్నవు?"

"రోజుకొక గుడ్డు."

"దేవునికి స్తోత్రం" అని ఆయన చర్చికి వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం యాభై ఏడు. ఈసారి నాకు సంతోషంకన్నా భయం ఎక్కువైంది. రెండు వారాల్లో పదమూడున్నర కిలోలు. ఇదే వేగంతో పదమూడో ఆదివారానికి నేను నూట ఇరవై నాలుగున్నర కిలోలు ఉంటాను. మా గుడిసె తలుపు వెడల్పు కొలిచాను. మా ఇంటామెకు ఈ సంగతి చెప్పి, గుడ్లు ఆపమన్నాను.

"యాభై ఏడా? నీ లాగు నిన్న జారితె నేను పురికోస కట్టిచ్చిన గద!"

"లాగు సంగతి వేరు. కాటా సంగతి వేరు."

వారం గుడ్డు ముట్టలేదు. నాలుగో ఆదివారం కాక చిన్నగుండును జరిపి, ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ జరిపాడు.

"ముప్పై ఆరు" అన్నాడు మెల్లగా.

టబ్బులో కూర్చునే లెక్క కట్టాను. ఏడు గుడ్లు మానితే ఇరవై ఒక్క కిలో పోయింది. గుడ్డుకు మూడు కిలోలు. ఇంకా ముప్పై ఆరే మిగిలాయి. రోజుకు మూడు చొప్పున పోతే సరిగ్గా పన్నెండు రోజుల్లో నేను సున్నా అవుతాను. పర్మినెంటు మాట అటుంచి, దవాఖాన తారీఖుకు నేనే ఉండను. కాక నా తలమీద చేయి పెట్టి ప్రార్థన చేశాడు. ఆ రోజు ఆయనకు చర్చి ఆలస్యమైంది.

ఇంటికి వచ్చి ఎదురుగా అద్దం పెట్టుకుని చూశాను. ముఖం నిన్నటిలాగే ఉంది. అదే నన్ను ఇంకా భయపెట్టింది. మా ఇంటామె చింతపండు దుత్తలో కుక్కుతూ విషయం అడిగింది. అంతా చెప్పాను. నలభై మూడున్నర, నలభై తొమ్మిది, యాభై ఏడు, ముప్పై ఆరు.

ఆమె కుక్కడం ఆపింది. "నాలుగు వారాలు నువ్వు కూసున్నది ఒక్క టబ్బేనా?"

"కాదు. ఏది ముందుంటె అది."

"గా టబ్బు ఒట్టిది ఎంతున్నదో ముందుగాల తూసిండ్రా?"

"తూసుడెందుకు? దానిమీద రాసి ఉన్నది."

"నేను షావుకారు కాడ నూనె తెచ్చుకుంటె గిన్నెను ముందుగాల తూయమంట. వాడు గిన్నె గింతుంటది, అంతుంటది అంటె నమ్మను. నీకు ఇన్ని లెక్కలొస్తయి, గంత తెలువదా?"

కాకా నేనూ కలిసి మంచి లెక్కలు చాలా చేశాం గానీ, అంత మంచి ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు. చర్చి వదిలే వేళకు వెళ్లి గేటు దగ్గర కాకను పట్టుకున్నాను. ఆయనకు కోపం వచ్చింది.

"టబ్బు మీద రాసింది తప్పయితదా? ఇరవై ఏండ్ల సంది చూస్తున్న!"

"ఒక్కసారి ఒట్టిది తూద్దాం కాక. తప్పయితె నన్ను తిట్టు."

పొద్దున నేను కూర్చున్న టబ్బు ఇంకా కాటా మీదే ఉంది. దానిమీద రాసింది 415. కాక గుండ్లు జరిపాడు. 407. ఆయన ఇంకో టబ్బు నెట్టమన్నాడు. రాసిన దానికంటే పన్నెండు కిలోలు ఎక్కువ. అడుగున ఎన్నేళ్ల బొగ్గో గట్టిపడి ఉంది. మూడోదానికి ఒక పక్క ఇనుపరేకు ఎక్కడో రాలిపోయింది. అవి కొత్తగా వచ్చినప్పుడు రాసిన అంకెలు. ఆ తరువాత టబ్బులు అరిగాయి, తుప్పు పట్టాయి, బొగ్గు పట్టాయి. మా దగ్గర కూలి లెక్క ఎన్ని టబ్బులనే తప్ప ఎన్ని కిలోలని కాదు, టన్నుల బొగ్గు తూచే కాటాలో అయిదూ పది కిలోలు ఎవరూ పట్టించుకోరు గనుక ఎవరికీ ఏ తేడా రాలేదు. నన్ను తప్ప వాటిలో మనిషిని కూర్చోబెట్టి తూచిన దాఖలా లేదు.

పొద్దున టబ్బుతో కలిపి నాలుగు వందల యాభై ఒకటి తూగాను. నాలుగు వందల ఏడు తీసేస్తే నలభై నాలుగు. మూడు వారాల దండలకు, బైఠక్‌లకు, గుడ్లకు కలిపి ఒక్క కిలో. కానీ అది నిజమైన కిలో. నేను సున్నా కావడంలేదని తెలిశాక, కాకా నేనూ కాటా గట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాం. ఆ తరువాత లెక్క కట్టాను. ఇంకా అరవై ఏడు రోజులు, నాలుగు కిలోలు. రోజుకు అరవై గ్రాములు. గుడ్డుకన్నా పెద్దది.

తాలీంలో ఈలోగా టబ్బు అంచు వదిలి నేలమీద దండలకు వచ్చాను. ఒకటి, మూడు, ఏడు. అప్పుడు ఉస్తాద్ ఇరుసు దగ్గరికి పిలిచాడు. టబ్బు కింద ఉండే రెండు చక్రాలు, వాటిని కలిపే ఇనుపకడ్డీ. విరిగిన టబ్బునుంచి తీసింది. మా తాలీంలో ఎత్తే బరువు అదొక్కటే. చిన్నది, పెద్దది అని లేదు. ఎత్తగలిగితే ఎత్తు, లేకపోతే లేదు. నాలాంటి కొత్తవాడికోసం ఉస్తాద్ ఒక ఉపాయం చేసేవాడు. చక్రాల కింద అటు నాలుగు, ఇటు నాలుగు ఇటుకలు పేర్చేవాడు. అప్పుడు కడ్డీ దాదాపు తొడల దగ్గరికి వస్తుంది. వంగే పని తక్కువ. రెండు వారాలకు ఒకసారి అటొక ఇటుక, ఇటొక ఇటుక తీసేసేవాడు.

"దీని బరువెంత ఉస్తాద్?" అన్నాను మొదటిరోజే.

"ఎందుకు?"

"తెలిస్తె నా బరువుకు ఎన్నో వంతో..."

"తెలిస్తె లేవది. వెన్ను నిటారుగ పెట్టు. కాళ్లతోని లేపు, నడుంతోని కాదు. చూపు ముందటికి. ఆఁ." రెండు కొట్టాడు.

లేచింది. కాటాకు తీసుకెళ్లి తూయించాలని మనసు పీకేది గానీ, ఉస్తాద్ దాన్ని తాలీం దాటనిచ్చేవాడు కాదు.

రెండో పరీక్షకు ముందటి ఆదివారం ఆఖరి ఇటుకలు తీసేశాడు. నేలమీదనుంచి ఇరుసు నడుము దాకా లేపాను. అదే రోజు పొద్దున, ఖాళీ టబ్బును ముందు రెండుసార్లు తూచి, తరువాత కూర్చుంటే, నలభై ఆరు. రెండు కిలోలు తక్కువ. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

మా ఇంటామె ఆ వారమంతా ఊరి మాట ఎత్తలేదు. నల్లా దగ్గర బిందె కడుగుతూ మాత్రం, "గీ నల్లా నీళ్లు ఎంత తెల్లగుంటయో" అంది. దానికి అర్థం నాకు తెలుసు. కానీ ఆ నీళ్లను చూస్తుంటే నాకు ఇంకోటి తోచింది. లీటరు నీళ్లు కిలో బరువు. నీళ్లకు టబ్బుల్లాగా తుప్పు పట్టదు. మా చెంబును కిరాణా దుకాణంలో ముందు ఖాళీగా తూయించాను, తరువాత నింపి తూయించాను. నాలుగు వందల గ్రాములు పట్టింది. అయిదు చెంబులు తాగితే రెండు కిలోలు. నలభై ఎనిమిది.

దవాఖానలో నాకు ముందు పదకొండుమంది. మనిషికి నాలుగు నిమిషాలు. ఏడోవాడు లోపలికి వెళ్లగానే, వెంట తెచ్చుకున్న చెంబుతో వరండా నల్లా దగ్గర మొదలుపెట్టాను. పదకొండోవాడు వెళ్లేసరికి అయిదూ అయ్యాయి. పదకొండోవాడు బయటికి వచ్చాడు. అతని వెనకే డాక్టరు కూడా వచ్చి, చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

చాయ్ నా లెక్కలో లేదు. నలభై నిమిషాలు గోడకు ఆనుకుని, కాళ్లు బిగించి, ఏ ఎక్కమూ ముందుకు సాగక, నీళ్లు తప్ప ప్రపంచంలో ఇంకేదీ గుర్తురాకుండా నిలబడ్డాను. డాక్టరు వచ్చాక మిషను ఎక్కాను. నలభై ఎనిమిది. కాంపౌండరు రాసుకున్నాడు. ఇక ఛాతీ ఒక్కటే మిగిలింది.

టేపు చుట్టి, "పీల్చు" అన్నాడు కాంపౌండరు. కడుపునిండా నీళ్లు. ఊపిరికి చోటు లేదు. ముప్పైన్నర. "గంతేనా?" అన్నాడు. మళ్లీ ప్రయత్నించాను. అంతే. మా ఇంటామె, నల్లా, మా వదినె, ముగ్గురూ కళ్లముందు నిలిచారు.

"ఆగు, చూస్త" అని డాక్టరు లేచి వచ్చాడు. టేపు నా ఒంటిమీదే ఉంది. ఎడమ వేలు నా ఛాతీ మీద పెట్టి, కుడి వేలితో తట్టాడు. టక్, టక్.

రెండు.

నేను ఆలోచించలేదు. ఒళ్లే వినేసింది. భుజాలు వెనక్కి వెళ్లాయి, పక్కటెముకలు విచ్చుకున్నాయి, ఛాతీ లేచి డాక్టరు చేతిని ముందుకు నెట్టింది. కాంపౌండరు వేళ్లలోనుంచి టేపు జారింది. "సార్, ముప్పై మూడు!" అన్నాడు.

డాక్టరు ఇంకోచోట తట్టాడు. టక్, టక్, టక్. మూడు. మొత్తం వదిలేశాను. మళ్లీ రెండు. లేచాను. మడమలు కూడా లేచాయి. "ఎందుకయ్యా గట్ల ఎగురుతున్నవ్?" అంటూ ఒక్కసారి తట్టి, బల్ల దగ్గరికి వెళ్లి రాసుకోసాగాడు.

ఒకటి. నేను ఆగిపోయాను. ఆయన రాస్తూనే ఉన్నాడు. పేజీ తిప్పాడు. నేను యాభై రెండు దాకా లెక్కపెట్టాను. కాంపౌండరు అరిచాడు. "సార్, ఈయన నీలంగ అయితుండు!"

డాక్టరు పరుగున వచ్చి నా వీపు మీద టపటపా కొట్టాడు. ఎన్ని దెబ్బలో తెలియదు, మూడు మాత్రం కచ్చితంగా పడ్డాయి. ఊపిరి వదిలాను. ఆయన కంగారుగా నన్ను బల్లమీద పడుకోబెట్టి కడుపు మీద తట్టాడు. లోపల గుడగుడమని బిందె కదిలినట్టు చప్పుడైంది. చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఎన్ని చెంబులు తాగినవ్?"

ఆయన 'నీళ్లు తాగినవా' అని అడిగితే లేదనేవాడినేమో. ఎన్ని అని అడిగాడు. ఎన్ని అంటే నేను తప్పు అంకె చెప్పలేను.

"అయిదు సార్. చెంబుకు నాలుగు వందల గ్రాములు."

"పోయి ఖాళీ చేసుకొని రా."

అది నాకు ఆ రోజు అందిన అన్నిటికన్నా దయగల మాట. తిరిగి వచ్చి మిషను ఎక్కాను. నలభై ఆరు. దిగి, చొక్కా తీసుకుని, తలుపు వైపు నడిచాను.

"ఏడికి? ఎందుకు తాగినవ్ అన్ని నీళ్లు?"

"నలభై ఎనిమిది కావాలె గద సార్."

"ఎవరు చెప్పిండ్రు?"

"బోర్డు మీద ఉన్నది."

"నీది బాయి పైన పనా, కింద పనా?"

"పైన సార్. టోకెన్లు తీసుడు."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "బోర్డు మీద రెండు వరసలున్నయి. ముందటిది కింద దిగేటోళ్లది. పక్కన ఉన్నది పైన పనిచేసేటోళ్లది. నలభై అయిదు చాలు నీకు. ఒక కిలో ఎక్కువనే ఉన్నవ్. బాగ కసరత్ చేసినట్టున్నది." కాగితం మీద రాశాడు. ఈసారి కాంపౌండరు చదవక ముందే, ముందటి అక్షరాలు రెండు లేవని నేనే గుర్తుపట్టాను.

వరండాలో బోర్డు ముందు నిలబడ్డాను. అయిదడుగుల రెండంగుళాలు, 48, దాని పక్కన 45. మూడు నెలలుగా అక్కడే ఉంది.

మా ఇంటామెకు అంతా చెప్పాను, నీళ్లతో సహా. ఆమె ముందు కళ్లు తుడుచుకుంది. తరువాత, "అయిదు చెంబులు ఒక్కపారి తాగినవా! అడిగితె ఒక్క మాటతోని పోతుండె" అని, బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది. ఎప్పటికన్నా నిదానంగా నింపుకుని వచ్చింది.

సాయంత్రం తాలీంకు వెళ్లి ఉస్తాద్‌కు చెప్పాను. అందరూ మట్టిలో పడి నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు.

"నలభై అయిదు చాలని ముందుగాలనే తెలిస్తె వచ్చేటోనివా?"

లెక్క వేశాను. కావలసింది రెండు కిలోలే. రోజుకు ఇరవై రెండు గ్రాములు. సగం గుడ్డు కూడా కాదు. "గుడ్లతోనే అయితదనుకొని రాకపోతుంటి ఉస్తాద్" అన్నాను.

"మరి?" అని బోల్టు తీసుకుని రెండు కొట్టాడు. ఇరుసు లేపాను.

ఆ తరువాత ఏడేళ్లు వెళ్లాను. మధ్యలో ఒకసారి ఉస్తాద్ చుట్టాల పెళ్లికని రామకృష్ణాపూర్ వెళ్లినప్పుడు, కాకను బతిమాలి, ఇరుసును కాటా దగ్గరికి దొర్లించుకుపోయాను. ఖాళీ టబ్బును ముందు తూచి, తరువాత ఇరుసును అందులోకి నేనే ఎత్తి పెట్టాను. యాభై ఎనిమిది కిలోలు. మరుసటిరోజు ఉస్తాద్ తిరిగొచ్చి తాలీంలో రెండు కొట్టాడు. యాభై ఎనిమిది అనుకున్నాను. అది నేలమీదనుంచి కదలలేదు. పంతొమ్మిది రోజులు కదలలేదు. ఉస్తాద్ ఏమీ అడగకుండా చక్రాల కింద మళ్లీ నాలుగేసి ఇటుకలు పేర్చాడు.